తుఫాను సీజన్‌కి ముందు ఆఫీసు మెషిన్ల మెయిల్ ఒకసారి చూసుకోండి

అక్టోబరు దగ్గరపడుతుంటే విశాఖలో అందరూ కిటికీ గడియలు, డాబా మీద ట్యాంకు మూతలు, ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు చూసుకుంటారు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటూ ఫోన్లూ లేకుండా గడిపిన ఊరు కదా. కానీ ఆఫీసుల్లో ఒక సంగతి దాదాపు ఎవరికీ గుర్తురాదు. మెషిన్లు వాటంతట అవి పంపే మెయిల్. స్కానర్ నుంచి నేరుగా వెళ్లే కాగితాలు, కరెంటు పోయిందని యూపీఎస్ పంపే కబురు, రాత్రి బ్యాకప్ రిపోర్టు, సీసీ కెమెరా డీవీఆర్ అలర్టు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పంపే ఇన్వాయిస్ అన్నీ ఇందులోకే వస్తాయి. ఇవి ఆగిపోయినా ఏ మోతా ఉండదు. మెయిల్ రాకపోతే అంతా బాగుందనే అనుకుంటాం.

పోర్టు వైపు క్లియరింగ్ పనులు చేసే ఒక చిన్న ఆఫీసుకి కంప్యూటర్లు నేను చూస్తాను. ఒక తుఫాను రాత్రి అక్కడ కరెంటు పోయింది. యూపీఎస్ నుంచి నాకు మెయిల్ రాలేదు. బ్యాటరీ అయిపోయేదాకా సర్వర్ నడిచి, ఒక్కసారిగా ఆగి, అకౌంట్స్ ఫైలు పాడైంది. రెండు రోజుల బిల్లులు మళ్లీ ఎక్కించారు. తీరా చూస్తే మెషిన్లన్నీ అకౌంటెంట్ గారి జీమెయిల్ మీదే పెట్టి ఉన్నాయి. "ఆగస్టులో పాస్‌వర్డ్ మార్చాను బాబూ, యూపీఎస్‌కీ దానికీ సంబంధం ఏమిటి?" అన్నారాయన. స్కానర్ కూడా అప్పటినుంచే మెయిల్ పంపడం లేదు. వాళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పని కానిచ్చేస్తున్నారు. నాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

అందుకే మొదటి జాగ్రత్త అకౌంట్ విషయంలో. మెషిన్ల కోసం విడిగా ఒక మెయిల్ ఐడీ పెట్టండి, ఏ మనిషి సొంత ఐడీ మీదా పెట్టకండి. జీమెయిల్ అయితే మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు. సొంత అకౌంట్లకి ఆ దారిని గూగుల్ 2022 మే 30 నుంచి మూసేసింది. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ (మెషిన్లలో పెట్టడానికి గూగుల్ విడిగా ఇచ్చేది) తీసుకోవాలి. అసలు పాస్‌వర్డ్ మార్చిన రోజున ఆ యాప్ పాస్‌వర్డ్ కూడా రద్దవుతుంది. మా అకౌంటెంట్ గారి దగ్గర జరిగింది ఇదే. మెషిన్‌కొకటి చొప్పున వేర్వేరు యాప్ పాస్‌వర్డ్‌లు తీసుకుంటే ఏది తీసేసినా మిగతావి ఆగవు.

మైక్రోసాఫ్ట్ 365 వాడేవాళ్లు ఆ మెయిల్‌బాక్స్‌కి ఎస్‌ఎంటీపీ (మెయిల్ బయటికి పంపే పద్ధతి) లాగిన్ అనుమతి ఉందో లేదో అడ్మిన్ పేజీలో చూడాలి. కొత్త అకౌంట్లలో అది ఆఫ్‌లోనే వస్తుంది. ఉత్త యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో పంపే పద్ధతిని తీసేస్తామని కూడా కంపెనీ ప్రకటించింది. కొత్త స్కానర్ కొనేటప్పుడు ఓఆత్ (పాస్‌వర్డ్ బదులు టోకెన్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) ఉందా అని అడిగి కొనండి.

మెషిన్ మెయిల్ సెట్టింగుల్లో పోర్టు (మెయిల్ వెళ్లే ద్వారం నంబరు) 587 పెట్టి, కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎంచుకోండి. లేదంటే 465. పోర్టు 25ని చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు ఆపేస్తాయి. పాత జిరాక్స్ మెషిన్లకి ఆ ఎన్‌క్రిప్షన్‌కి కావాల్సిన టీఎల్‌ఎస్ 1.2 రాకపోతే ఫర్మ్‌వేర్ (మెషిన్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయించాలి. అదీ కుదరకపోతే ఆఫీసు సర్వర్‌లోనే మెషిన్ల మెయిల్ అందుకుని బయటికి పంపే ఒక చిన్న రిలే పెట్టొచ్చు. కానీ ఆఫీసు లోపలి ఐపీలకి (నెట్‌వర్క్‌లో మెషిన్ల అడ్రసు నంబర్లకి) తప్ప ఎవరికీ అది తెరిచి ఉండకూడదు. బయటికి తెరిచి ఉంటే స్పామ్ పంపేవాళ్లు వాడేసుకుంటారు, మీ డొమైన్ బ్లాక్‌లిస్టులో పడుతుంది.

తుఫాను రోజుల్లో ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఐపీ. కొన్ని ఆఫీసుల్లో పాస్‌వర్డ్ లేకుండా ఆఫీసు ఐపీని బట్టే మెయిల్ వెళ్లేలా పెడతారు. మీ డొమైన్ పేరుతో ఎవరు మెయిల్ పంపొచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డులోనూ ఆ ఐపీనే రాస్తారు. చెట్టు పడి ఫైబర్ తెగితే మొబైల్ డాంగిల్ పెడతాం. అప్పుడు ఐపీ మారిపోయి మెయిల్ వెనక్కి తిరిగొస్తుంది. యూపీఎస్, బ్యాకప్ అలర్టులకైనా లాగిన్‌తో 587 వాడండి, అది దాదాపు ఏ నెట్ మీదైనా వెళ్తుంది. డాంగిల్ మీద స్కాన్ పంపాల్సి వస్తే 200 డీపీఐ, బ్లాక్ అండ్ వైట్ చాలు. జీమెయిల్ హద్దు 25 ఎంబీ, అటాచ్‌మెంట్ మెయిల్‌లోకి ఎక్కేసరికి సుమారు మూడో వంతు ఉబ్బుతుంది. 18 ఎంబీ దాటనివ్వకండి.

ఇంకోటి, నేను వెళ్లిన ప్రతి ఆఫీసులోనూ టేబుల్ కింద వంగి చూసేది. సర్వర్ యూపీఎస్ మీద ఉంటుంది, ఫైబర్ మోడెమ్, స్విచ్ మాత్రం గోడ ప్లగ్‌లో ఉంటాయి. కరెంటు పోయిన క్షణమే నెట్ కూడా పోతుంది. ఇక కరెంటు పోయిందన్న మెయిల్ ఏ దారిన బయటికి వెళ్తుంది? ఆ రెండు అడాప్టర్లనీ ఇవాళే యూపీఎస్ బోర్డులోకి మార్చండి.

కరెంటు పోయి వచ్చాక గడియారాలు చూడండి. లోపలి బటన్ సెల్ అయిపోయిన పాత డీవీఆర్ తెర మీద 2000 జనవరి 1 అని కనిపిస్తుంది. మెయిల్ సర్వర్ సర్టిఫికెట్ దాని లెక్కలో ఇంకా మొదలే కాలేదు కాబట్టి కనెక్షన్ తెంచేస్తుంది. పాస్‌వర్డ్ తప్పేమోనని పది సార్లు కొట్టి టెన్షన్ పడేది ఇక్కడే. సెల్ మార్చి, ఇంటర్నెట్ టైమ్ ఆన్ చేస్తే సరి. మెషిన్ లాగ్‌లో ఎర్రర్ నంబరు 535 అని ఉంటే మాత్రం అది నిజంగా లాగిన్ గొడవే.

ఇవన్నీ అయ్యాక టెస్ట్ బటన్ నొక్కి వదిలేయకండి. ఒక శనివారం సాయంత్రం అందరితో ఫైళ్లు సేవ్ చేయించి, యూపీఎస్ ప్లగ్ గోడలోంచి పీకండి. మెయిల్ మీ ఫోన్‌కి వచ్చిందా, స్పామ్‌లో పడిందా చూడండి. తర్వాత డాంగిల్ పెట్టి మళ్లీ పీకండి. స్కానర్ నుంచి ఆఫీసు ఐడీకి ఒకటి, బయటి ఐడీకి ఒకటి పంపండి. కొన్ని సెటప్‌లలో ఆఫీసు ఐడీలకి మెయిల్ వెళ్తుంది, బయటి ఐడీలకి వెళ్లదు. మెషిన్ మీద ఒక స్టిక్కర్ అంటించి ఏ ఐడీతో వెళ్తోంది, అలర్టు ఎవరికి వస్తుంది, ఏ తేదీన చూశారు రాయండి. పాస్‌వర్డ్ మాత్రం దాని మీద రాయకండి.