చూపు లేనివాళ్లకి ఫోన్ మాట్లాడేలా సెట్ చెయ్యడం ఎలా? ఆన్ చేసేముందు ఆఫ్ చెయ్యడం నేర్చుకోండి

మా మామయ్య ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. నీటికాసులు వచ్చి చూపు మెల్లమెల్లగా పోయింది, ఇప్పుడు కిటికీ ఎటుందో తెలుస్తుంది అంతే. ఆయన ఆండ్రాయిడ్ ఫోన్‌లో నేను మొదటిసారి టాక్‌బ్యాక్ (స్క్రీన్ మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సెట్టింగ్) ఆన్ చేసినప్పుడు ఏమైందంటే, అది గడగడా మాట్లాడ్డం మొదలెట్టింది, ఎక్కడ ముట్టుకున్నా చుట్టూ ఒక గీత వచ్చి కూర్చుంటోంది గానీ ఏదీ ఓపెన్ అవ్వట్లేదు, స్క్రీన్ పైకి జరగట్లేదు, పోనీ ఆపేద్దామంటే సెట్టింగ్స్‌లోకే వెళ్లలేకపోతున్నా. కళ్లున్న నేనే అరగంట గింజుకున్నా. మామయ్య పక్కన కూర్చుని "ఏరా, ఫోన్ పాడుచేశావా?" అని మూడుసార్లు అడిగాడు.

అందుకని మొదటి స్టెప్ ఆఫ్ చెయ్యడమే. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లండి (కొన్ని ఫోన్లలో ఇది అదనపు సెట్టింగ్స్ లోపల దాక్కుంటుంది), అందులో టాక్‌బ్యాక్ ఓపెన్ చేసి, మెయిన్ స్విచ్ ముట్టుకోకుండా ముందు కిందున్న షార్ట్‌కట్ ఆన్ చేసి, వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి నొక్కిపట్టడం అనేది ఎంచుకోండి. ఇక వాల్యూమ్ పైదీ కిందదీ ఒకేసారి ఒక 3 సెకన్లు నొక్కిపడితే టాక్‌బ్యాక్ వస్తుంది, మళ్లీ నొక్కిపడితే పోతుంది. మొదటిసారి నిజంగా ఆన్ చెయ్యాలా అని అడుగుతుంది, ఒప్పుకోండి. ఇది మీరు కాదు, ఆయన చేత పదిసార్లు చేయించండి. ఇంట్లో ఎవరో ఒకళ్లు ఫోన్ తీసుకుని "అబ్బా ఈ గోలేంటి" అని ఆపేసి అలాగే ఇచ్చేస్తారు, అప్పుడు మళ్లీ ఆన్ చేసుకోవడం ఆయనకే రావాలి. అసలు యాక్సెసిబిలిటీలో టాక్‌బ్యాకే కనపడకపోతే ప్లే స్టోర్‌లో ఆండ్రాయిడ్ యాక్సెసిబిలిటీ సూట్ అని ఉంటుంది, గూగుల్‌దే, అది వేసుకోండి.

ఒక్కమాట. చూపు తగ్గింది గానీ ఇంకా కాస్త కనపడుతోంది అనేవాళ్లకి వెంటనే టాక్‌బ్యాక్ పెట్టేయకండి. ఫాంట్ సైజూ డిస్‌ప్లే సైజూ పెంచడం, రంగులు తిరగేసి నల్లదాని మీద తెల్ల అక్షరాలు వచ్చేలా చెయ్యడం, మాగ్నిఫికేషన్ ఆన్ చేసి కావాల్సిన చోట పెద్దది చేసుకుని చూడటం, ఇవన్నీ అదే యాక్సెసిబిలిటీలో ఉంటాయి. చాలామందికి ఇవి సరిపోతాయి.

రెండోది గొంతు. యాక్సెసిబిలిటీలోనే టెక్స్ట్ టు స్పీచ్ అని ఉంటుంది, అందులో గూగుల్ ఇంజిన్ పక్కనున్న చక్రం గుర్తు నొక్కి తెలుగు వాయిస్ డౌన్‌లోడ్ చేసి భాష తెలుగు పెట్టండి. స్పీడ్ తగ్గించండి, మామూలుగా వచ్చే స్పీడ్ కొత్తవాళ్లకి ఎక్కదు. రెండు నెలలు పోయాక వాళ్లే పెంచుకుంటారు, మామయ్య ఇప్పుడు పెట్టుకునే స్పీడ్ నాకు ఒక్క ముక్క అర్థం కాదు. కాంటాక్ట్ పేర్లు సగం ఇంగ్లీషులో సగం తెలుగులో ఉంటే వెతకడం నరకం, కూర్చుని అన్నీ ఒకే లిపిలోకి మార్చిపెట్టండి, అదొక ఆదివారం పని.

ఇక అసలు విషయం. టాక్‌బ్యాక్ ఉన్నప్పుడు వేలికి అర్థం మారిపోతుంది. ఒకసారి ముట్టుకుంటే "ఇదేంటి?" అని అడిగినట్టు, అది పేరు చెప్తుంది. రెండుసార్లు టకటకా తడితే "సరే, ఇదే కావాలి" అన్నట్టు. అందరూ తప్పు చేసేది ఇక్కడే: ఆ రెండు తట్లు బటన్ మీదే పడాలనుకుంటారు, అక్కర్లేదు, పేరు విన్నాక స్క్రీన్ మీద ఎక్కడ తట్టినా పనవుతుంది. మామయ్య టికెట్ల మిషన్ బటన్లు నొక్కినట్టు బలంగా నొక్కేవాడు, రెండోసారి నొక్కి అలాగే పట్టుకునేవాడు, దాంతో అది లాంగ్ ప్రెస్ అయిపోయి ఇంకేదో మెనూ వచ్చేది. చివరికి "మామయ్యా, బస్సు రైట్ రైట్ అనేటప్పుడు రేకు మీద రెండుసార్లు తట్టేవాడివి కదా, అలా తట్టు" అన్నా. అంతే, ఆ పూటే వచ్చేసింది.

మొదటి వారం ఇంకో రెండే నేర్పండి. ఒక వేలితో కుడివైపుకి గీస్తే తర్వాత ఉన్నదాని మీదకి వెళ్తుంది, ఎడమకి గీస్తే వెనకదాని మీదకి, అంటే స్క్రీన్ మీద ఏముందో తెలియకపోయినా వరసగా గీసుకుంటూపోతే అన్నీ దొరుకుతాయి. పేజీ జరపాలంటే రెండు వేళ్లు. ఇవి చాలు. తర్వాత వారం: వెనక్కి వెళ్లడానికి కిందకి గీసి ఆపకుండా ఎడమకి, హోమ్‌కి పైకి గీసి ఎడమకి, టాక్‌బ్యాక్ మెనూకి కిందకి గీసి కుడికి. ఆండ్రాయిడ్ 11 నుంచి మూడువేళ్లతో ఒకసారి తట్టినా ఆ మెనూ వస్తుంది. రెండువేళ్లతో ఒకసారి తడితే మాట ఆగుతుంది, రెండువేళ్లతో రెండుసార్లు తడితే వచ్చిన కాల్ ఎత్తొచ్చు, పెట్టేయొచ్చు. లాక్‌కి ప్యాటర్న్ వద్దు, వేలిముద్ర పెట్టండి.

టైపింగ్ అంటే, కీబోర్డు మీద వేలు జరుపుతూ వింటూ, కావాల్సిన అక్షరం చెప్పగానే వేలు ఎత్తెయ్యాలి, ఎత్తితే పడుతుంది. ఓపికున్నవాళ్లకి పర్లేదు. మామయ్య జీబోర్డులో (గూగుల్ కీబోర్డు) మైక్ వాడతాడు, తెలుగులో మాట్లాడితే తెలుగులోనే వస్తుంది, కాకపోతే ఫోన్ స్పీకర్‌లో టాక్‌బ్యాక్ మాట్లాడే మాటలు కూడా మైక్ విని రాసేస్తుంది, అత్తయ్యకి ఒకసారి "పాలు తీసుకురా బటన్" అని మెసేజ్ వెళ్లింది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

డబ్బుల దగ్గర కూడా ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి, పిన్ కొట్టేటప్పుడు అంకెలు పైకి చదువుతుంది కాబట్టి. టాక్‌బ్యాక్ మెనూలో స్క్రీన్ దాచెయ్యి అని ఒకటుంది, అది పెడితే స్క్రీన్ మొత్తం నల్లగా అయిపోతుంది, ఫోన్ మాత్రం పనిచేస్తుంటుంది, పక్కనున్నవాడు తొంగిచూసినా ఏమీ కనపడదు. క్యూఆర్‌కి కెమెరా గురిపెట్టడం కష్టం, షాపువాళ్ల నంబర్ అడిగి దానికే పంపడం నయం. మామయ్యకి ఎక్కువ బాధ మాత్రం నోట్లతోనే. ముప్పై ఏళ్లు చూడకుండా వేళ్లతోనే నోట్లు గుర్తుపట్టిన మనిషి, కొత్త సిరీస్‌లో 100 నోటు పొడవు 142 మిల్లీమీటర్లు, 200ది 146, 500ది 150, నాలుగేసి మిల్లీమీటర్ల తేడా ఏ వేలికి తెలుస్తుంది చెప్పండి. అంచుల్లో ఉబ్బెత్తు గీతలుంటాయి, 100కి నాలుగు 500కి ఐదు, కానీ నలిగిన నోటు మీద అవి అరిగిపోతాయి. దీనికి రిజర్వ్ బ్యాంక్ 2020 జనవరిలో మణి అనే యాప్ తెచ్చింది, ఫ్రీ, నెట్ అక్కర్లేదు, కెమెరా ముందు నోటు పెడితే ఎంతదో చెప్తుంది. అసలుదా నకిలీదా మాత్రం చెప్పదు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

బ్యాంకు కేవైసీ ఇంకో తలనొప్పి. ఒక బ్యాంకు యాప్ మామయ్యని కళ్లు ఆర్పమంది, ముఖం గుండ్రంలోకి తెమ్మంది, ఆ గుండ్రం ఎక్కడుందో ఆయనకెలా తెలుస్తుంది? చివరికి ఆటో కట్టుకుని బ్రాంచికే వెళ్లాం. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే తీర్పిచ్చింది, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని ఆర్టికల్ 21 (జీవించే హక్కు) కింద హక్కేనని, కేవైసీ చూపు లేనివాళ్లూ చేసుకోగలిగేలా మార్చాలని. బ్రాంచిలో ఎవరైనా మాకు సంబంధం లేదంటే ఈ తేదీ గుర్తుపెట్టుకుని చెప్పండి.

ఐఫోన్ అయితే దాని పేరు వాయిస్ఓవర్. షార్ట్‌కట్‌లో పెట్టుకుంటే సైడ్ బటన్ మూడుసార్లు నొక్కితే వస్తుంది, తట్టడం గీయడం ఇలాగే, పేజీ జరపడానికి మాత్రం మూడు వేళ్లు.

చివరగా ఒకటి చాలామందికి తెలీదు. కొన్ని యాప్‌లు బటన్లకి పేర్లు పెట్టకుండా వదిలేస్తాయి, టాక్‌బ్యాక్ అక్కడికి రాగానే "లేబుల్ లేదు" అంటుంది తప్ప అదేంటో చెప్పదు. ఆ బటన్ మీద ఆగి, టాక్‌బ్యాక్ మెనూ తెరిచి, లేబుల్ జోడించమని ఉంటే అందులో మనకి నచ్చిన పేరు పెట్టుకోవచ్చు, తర్వాతి నుంచి అదే చదువుతుంది. మామయ్య ఫోన్‌లో ఒక పాటల యాప్ ఉంది, ముట్టుకుంటే డబ్బులు కట్టమనే పేజీకి లాక్కెళ్లే బటన్ ఒకటుంది అందులో. దాని మీదకి వెళ్లగానే ఇప్పుడు ఆ ఆడగొంతు చాలా మర్యాదగా అంటుంది: "దీన్ని ముట్టుకోకురా నాయనా, బటన్."