తేలని బంధానికి వీడ్కోలు చెప్పాల్సి వస్తే

మీ ఇద్దరి మధ్య ఉన్నది స్నేహమా, ప్రేమా, ఇంకేదైనానా అన్నది ఏనాడూ తేలలేదు. అడగాల్సిన రోజుల్లో ఇద్దరూ మొహమాటపడి నాన్చారు, ఇప్పుడు ఒకరు దూరంగా వెళ్లిపోతున్నారు, ఒక్కసారి కలవాలి. ఇలాంటప్పుడు మనం ఏం ఆశపడతామంటే, ఏళ్ల తరబడి తేలనిది ఆ ఒక్క గంటలో తేలిపోతుందని. తేలదు. ఆ గంటలో అయ్యే పని ఒక్కటే, మీ వైపు నుంచి చెప్పాల్సిన మాట చెప్పి రావడం. దానికి కూడా కాస్త సిద్ధపడి వెళ్లాలి.

ముందు కాగితం మీద పెట్టండి. జేమ్స్ పెన్‌బేకర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ప్రచురించిన ప్రయోగంలో, విద్యార్థుల చేత వాళ్లను బాగా బాధపెట్టిన విషయం గురించి వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. జరిగిందీ, దానివల్ల తమకు అనిపించిందీ రెండూ రాసినవాళ్లకు రాసిన వెంటనే దిగులు పెరిగింది, కానీ తర్వాతి నెలల్లో వాళ్లు డాక్టర్ దగ్గరకు వెళ్లడం తగ్గింది. అందుకే కలవడానికి ముందురోజు రాత్రి కూర్చోకండి, కొన్ని రోజులు ముందే మొదలుపెట్టండి, ఆ దిగులు కాస్త దిగే టైమ్ ఉండాలి.

రాసింది చదువుకుంటే అందులో రెండు రకాల మాటలు కనిపిస్తాయి. కొన్ని మీరు చెప్పాలనుకున్నవి, కొన్ని అవతలివాళ్ల నోటి నుంచి వినాలనుకున్నవి. "నీకు నేనంటే ఎప్పుడైనా ఇష్టం ఉండేదా?" అన్నది రెండో రకం, దానికి జవాబు మీ చేతుల్లో లేదు. "నువ్వంటే నాకు ఇష్టం ఉండేది, చెప్పే ధైర్యం చాల్లేదు" అన్నది మొదటి రకం, దీన్ని ఎవరి అనుమతీ లేకుండా చెప్పొచ్చు. రెండో రకంలో ఒక్క ప్రశ్న తీసుకెళ్లండి చాలు, అది కూడా "లేదు" అని విన్నా, అసలేమీ వినకపోయినా తట్టుకోగలరు అనుకుంటేనే.

ఇష్టం ఉండేదన్న సంగతి చెప్పాలా వద్దా? నేనైతే ఒకటే చూస్తాను: ఈ మాట విన్నాక వాళ్లు ఏదో ఒక నిర్ణయం తీసుకోవాల్సి వస్తుందా? పెళ్లి కుదిరినవాళ్లకు, ఇంకొకరితో జీవితం మొదలుపెట్టినవాళ్లకు వెళ్లిపోయే ముందు ఈ బరువు ఎత్తడం అన్యాయమని నా అభిప్రాయం. అలాంటి చిక్కేమీ లేకపోతే చెప్పండి, చెప్పాక "నువ్వు దీనికి ఏమీ అనక్కర్లేదు" అని కూడా అనండి.

చోటు గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు, బండి కదిలే ముందు పది నిమిషాలు మాత్రం వద్దు. పక్కపక్కన నడిచే వీలున్న చోటైతే మంచిది, ఎదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ చెప్పలేని మాటలు నడుస్తుంటే వస్తాయి. ఎప్పటికి వెళ్లాలో మొదట్లోనే చెప్పేయండి.

కలిసాక మొదటి అరగంట ఉద్యోగం, ప్యాకింగ్, ఆరోగ్యం, ఇవే నడుస్తాయి. కంగారుపడకండి. కాసేపటికి ఒకరు "సరే మరి" అంటారు, ఎవరూ కదలరు, ఫోన్ తీసి టైమ్ చూసి మళ్లీ జేబులో పెట్టుకుంటారు, ఇంకోసారి "సరే మరి". మీ మాట చెప్పాల్సింది అప్పుడే, ఆ మౌనాన్ని ఇంకో జోక్‌తో నింపేస్తే ఇక కుదరదు.

చివరి రోజుల్లో ఉన్న రోగులకు సేవ చేసే డాక్టర్లు, కుటుంబాలతో నాలుగు మాటలు చెప్పిస్తుంటారు: క్షమించు, నిన్ను క్షమించాను, థాంక్స్, నిన్ను ప్రేమిస్తున్నాను. నాలుగూ మీకు వర్తించకపోవచ్చు, థాంక్స్ మాత్రం వర్తిస్తుంది. "అన్నిటికీ థాంక్స్" అంటే ఎవరికీ తగలదు. "నేను జ్వరంతో పడి ఉన్న వారం నువ్వు రోజూ ఫోన్ చేసి మందు వేసుకున్నావా అని అడిగేదానివి, అది గుర్తుంది" అని చెప్పండి, వాళ్ల ముఖం మారడం మీరే చూస్తారు. ఏడుపొస్తే ఇద్దరూ ఏడవండి, "ఏడవకు" అని మాత్రం అనొద్దు. దగ్గరకు తీసుకోవాలనిపిస్తే అడిగి తీసుకోండి.

"టచ్‌లో ఉందాం" అన్న మాట అలవాటుగా అనేయకండి, అవతలివాళ్లు దాన్ని పట్టుకుని నెలల తరబడి ఫోన్ వంక చూస్తారు. మాట్లాడుకోవాలనుకుంటే ఎలా, ఎప్పుడు అన్నది అక్కడే అనుకోండి. వద్దనుకుంటే "కొన్నాళ్లు నేను మెసేజ్ చేయను, కోపంతో కాదు" అనండి. ఆ రాత్రి ఇంటికొచ్చి, చెప్పలేకపోయినవన్నీ ఒక పొడుగాటి మెసేజ్‌గా పంపాలని ప్రాణం కొట్టుకుంటుంది. రాసుకోండి, పంపకండి.

తర్వాతి వారాలు కష్టంగానే ఉంటాయి, అందులో మీ లోపమేమీ లేదు. యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన సైనికుల కుటుంబాలను 1970లలో అధ్యయనం చేసిన పాలీన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు, మనిషి ఉన్నట్టూ లేనట్టూ ఉండే ఎడబాటులో దుఃఖం ఎటూ కదలక గడ్డకట్టుకుపోతుందని గమనించారు. మీది అంత పెద్ద నష్టం కాకపోవచ్చు, కానీ మీ దగ్గరికీ ఎవరూ పరామర్శకు రారు, ఎందుకంటే బయటివాళ్ల లెక్కలో మీరు పోగొట్టుకున్నదేమీ లేదు. కాబట్టి సంగతి తెలిసిన ఒక్క మనిషికైనా చెప్పుకోండి. వారాల తరబడి నిద్ర, తిండి లేకపోయినా, బతకాలనిపించకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌నో కౌన్సెలర్‌నో కలవండి.

మిమ్మల్ని కొట్టిన, బెదిరించిన మనిషైతే పైన చెప్పినవేవీ వద్దు, కలవనే కలవొద్దు. అలాంటిదేమీ లేకపోయినా అవతలివాళ్లు కలవడానికి ఇష్టపడకపోతే ఒకసారి అడిగి వదిలేయండి, రాసుకున్న కాగితాలు మీ దగ్గరే ఉంటాయి. ఫొటోలు, చాట్‌లు ఆ ఆవేశంలో డిలీట్ చేయకుండా వేరే చోటికి మార్చి, వెంటనే కంటికి కనపడకుండా చేసుకోండి, ఉంచాలో తీసేయాలో కొన్ని నెలలు పోయాక చూసుకోవచ్చు.