జపాన్‌లో హొయికుషి అవ్వాలనుకుంటున్నారా, తాన్‌దాయ్‌లో చేరేముందు ఇవి చూస్కోండి

జపాన్‌లో ఉంటూ హొయికుషిగా, అంటే డేకేర్ టీచర్‌గా, చిన్నపిల్లలతో పనిచేయాలని ఉంటే దగ్గరి దారి తాన్‌దాయ్. అంటే రెండేళ్ళ కాలేజీ, చాలావరకు ప్రైవేటువే. ప్రభుత్వం గుర్తించిన హొయికు (చిన్నపిల్లల సంరక్షణ) కోర్సు పాసైతే నేషనల్ ఎగ్జామ్ రాయక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చేయించుకుంటే హొయికుషి అయిపోతారు, చాలాచోట్ల యోచియెన్ (కిండర్‌గార్టెన్) టీచర్ లైసెన్స్ కూడా దాంతోపాటే వచ్చేస్తుంది.

కానీ ఫీజు కట్టేముందు వీసా సంగతి చూస్కోండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. వృద్ధుల కేర్‌కి 2017 నుంచి కైగో వీసా ఉంది, హొయికుషికి అలా విడిగా వర్క్ వీసా లేదు. పర్మనెంట్ రెసిడెంట్ అయితే ఇబ్బంది లేదు. భర్త ఉద్యోగం మీద డిపెండెంట్‌గా వచ్చినవాళ్ళకి పర్మిషన్ తీస్కున్నా వారానికి 28 గంటలే, ఫుల్‌టైమ్ కుదరదు. రెండేళ్ళు కష్టపడ్డాక ఈ మాట తెలిస్తే చాలా బాధ.

మన ఇంటర్‌తో పన్నెండేళ్ళ చదువు లెక్క సరిపోతుంది. జపనీస్ మాత్రం ఎన్2 స్థాయి (జపనీస్ భాషా పరీక్షలో పైనుంచి రెండో మెట్టు) లేకుండా క్లాసులో కూర్చోవడం కష్టం. క్లాసులు ఏప్రిల్‌లో మొదలు, కాబట్టి ముందు ఏడాది అక్కడి ఎండాకాలంలోనే (జులై, ఆగస్టు) ఓపెన్ క్యాంపస్‌కి, అంటే కాలేజీ చూపించే రోజుకి వెళ్ళి, కోర్సులో పియానో కూడా ఉంటుంది కాబట్టి ప్రాక్టీస్ గదులు ఎన్నున్నాయో చూడండి, ఇంకో రెండేళ్ళు అడ్మిషన్లు ఉంటాయా అని కూడా అడగండి, పిల్లలు తగ్గిపోయి చాలా తాన్‌దాయ్‌లు మూసేస్తున్నారు మరి.

పియానో రాదని భయపడొద్దు, చాలామంది బైయెర్ అనే పియానో మొదటి పాఠాల పుస్తకం మొదటి పేజీ నుంచే మొదలుపెడతారు, కానీ రోజూ అరగంట కూర్చోవాల్సిందే.

అసలు పరీక్ష ప్రాక్టికమ్, అంటే పిల్లలున్న చోటికే వెళ్ళి చేసే ట్రైనింగ్. హొయికుయెన్ (డేకేర్)లో కొన్ని రోజులు, అమ్మానాన్నల దగ్గర ఉండలేని పిల్లల హోమ్ లాంటి చోట కొన్ని రోజులు, ఒక్కోటి సుమారు పది రోజులు. వెళ్ళేముందు మలం టెస్ట్ రిపోర్ట్ ఇవ్వాలి. పొద్దున్నుంచి పిల్లల వెంట తిరిగి, అన్నం తినిపించి, పడుకోబెట్టి ఇంటికొచ్చాక డైరీ రాయాలి, ఏ టైమ్‌కి పిల్లలు ఏం చేశారు, టీచర్ ఏమన్నారు, నేనేం చేశాను అని పద్ధతిగా, చాలాచోట్ల పెన్నుతోనే. కంజీ (జపనీస్‌లో వాడే చైనా అక్షరాలు) నెమ్మదిగా రాసేవాళ్ళకి అర్ధరాత్రి దాటిపోతుంది, అందుకే చేరకముందే రోజుకో పేజీ రాయడం అలవాటు చేస్కోండి.

డబ్బుల విషయానికొస్తే నెలకి 50,000 యెన్ల వరకు వడ్డీలేని హొయికుషి లోన్ ఉంది, చదివాక లోన్ ఇచ్చిన ప్రాంతంలోనే ఐదేళ్ళు హొయికుషిగా పనిచేస్తే మాఫీ. కండిషన్లు ప్రాంతాన్ని బట్టి మారతాయి, కాలేజీ ఆఫీసులో మీ వీసా చూపించే అడగండి.