రీసెర్చ్‌గేట్, అకడేమియాల్లో మీ వివరాలు ఏమవుతున్నాయి, వాటిని ఎలా అదుపులో పెట్టుకోవాలి

ఉస్మానియాలో చేరినా, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో చేరినా, పీహెచ్‌డీ మొదలైన కొద్ది రోజులకే గైడో సీనియర్లో అనే మాట ఒకటుంది: "ముందు రీసెర్చ్‌గేట్‌లో ఒక ప్రొఫైల్ పెట్టుకో." పరిశోధకులు తమ పేపర్లు పెట్టుకుని ఒకరినొకరు కలుసుకునే వెబ్‌సైట్ అది, అకడేమియా కూడా అలాంటిదే. మంచి సలహానే, నేనూ అదే చెబుతాను. మన లైబ్రరీలో చందా లేని జర్నల్ పేపర్‌ను రాసినవాళ్లనే అడిగి తెచ్చుకోవచ్చు, ఎక్కడో బ్రెజిల్‌లో మీ టాపిక్ మీదే పనిచేస్తున్న మనిషి కనబడతాడు. కానీ ప్రొఫైల్ ఎలా పెట్టాలో చెప్పేవాళ్లు ఉన్నంతమంది, అందులో ఇచ్చిన వివరాలు ఎవరి చేతికి వెళ్తాయో, వద్దనుకుంటే ఎలా వెనక్కి తీసుకోవాలో చెప్పేవాళ్లు ఉండరు. అందుకే ఇది రాస్తున్నాను.

ఇవి యూనివర్సిటీలు నడిపేవి కావు, ఏ ప్రభుత్వానివీ కావు. రీసెర్చ్‌గేట్ 2008లో మొదలైన కంపెనీ, ఆఫీసు జర్మనీలోని బెర్లిన్‌లో. అకడేమియా డాట్ ఈడీయూ కూడా 2008దే, అది శాన్ ఫ్రాన్సిస్కో కంపెనీ. పేరు చివర ఈడీయూ చూసి చాలామంది అదేదో విద్యాసంస్థ అనుకుంటారు. ఈడీయూ పేర్లను గుర్తింపు పొందిన అమెరికా కాలేజీలకే పరిమితం చేయకముందు, 1999లోనే ఆ డొమైన్ రిజిస్టర్ అయి ఉంది కాబట్టి అది వాళ్లకు చెల్లింది. రెండూ ఇన్వెస్టర్ల డబ్బుతో పెరిగిన ప్రైవేటు సంస్థలే. మీ దగ్గర ఫీజు తీసుకోకుండా నడుపుతున్నారంటే ఆదాయం ఇంకో దారిలో రావాలి కదా. రీసెర్చ్‌గేట్‌కు వచ్చేది ప్రకటనల నుంచి, ఉద్యోగ నోటిఫికేషన్ల నుంచి, పబ్లిషర్లతో ఒప్పందాల నుంచి. ల్యాబ్ పరికరాలు అమ్మే కంపెనీ తన ప్రకటన ఫలానా సబ్జెక్టువాళ్లకే కనబడాలని కోరుకోవచ్చు. అకడేమియాకు ప్రీమియం చందా ఉంది. "మీ పేరును ఒక పేపర్‌లో ప్రస్తావించారు" అని మెయిల్ వస్తుంది, ఎవరో చూద్దామని నొక్కితే డబ్బు కట్టమంటుంది. మీ గురించిన సమాచారాన్ని మీకే అమ్మడం అది, ఆ మెయిల్ చూసి కార్డు బయటికి తీయకండి.

మీ గురించి వాళ్ల దగ్గర పోగయ్యేది మూడు దారుల్లో వస్తుంది. ఒకటి మీరు చేత్తో నింపింది: పేరు, మెయిల్, డిపార్ట్‌మెంట్, ఫొటో, పేపర్లు. రెండోది మీరు చేసే పనుల నుంచి వాళ్లు రాసుకునేది: ఏం వెతికారు, ఏ పేపర్ తెరిచారు, ఎవరి ప్రొఫైల్ చూశారు, ఏ ఫోన్ నుంచి, ఏ ఐపీ అడ్రస్ నుంచి. మూడోది ఇతరుల ద్వారా వచ్చేది, అంటే మీ కో-ఆథర్ ఒక పేపర్ ఎక్కిస్తూ మీ పేరు చేర్చడం, పబ్లిషర్ల డేటాబేస్‌ల నుంచి వివరాలు రావడం. మనవాళ్ల జాగ్రత్తంతా మొదటిదాని మీదే, ఫొటో పెట్టాలా వద్దా అని తెగ ఆలోచిస్తారు. నిజానికి పట్టించుకోవాల్సింది రెండోదాన్ని. ఒక స్కాలర్ వరుసగా ఏ పేపర్లు చదువుతున్నాడో చూస్తే అతను ఇంకా ఎవరికీ చెప్పని ఆలోచన కూడా అర్థమైపోతుంది. మూడోదైతే మీరు అకౌంట్ తెరవకపోయినా మీ పేరుతో అక్కడ ఉంటుంది. రీసెర్చ్‌గేట్ ఒకప్పుడు సభ్యుల పేరు మీద వాళ్ల కో-ఆథర్లకు ఆహ్వానం మెయిళ్లు పంపిందని చాలా విమర్శలు వచ్చాయి. ఫ్రెండ్ పేరుతో వచ్చే ఆహ్వానం ఫ్రెండ్ రాసిందే కానక్కర్లేదు.

సరే, ఇక పనిలోకి. అకౌంట్ తెరిచే ముందు ప్రైవసీ పాలసీ, టర్మ్స్ రెండూ తెరవండి. మొత్తం చదవమని చెప్పను, ఎవరూ చదవరు. కంప్యూటర్‌లో కంట్రోల్, ఎఫ్ నొక్కి కొన్ని ఇంగ్లిష్ మాటలు వెతకండి. "షేర్", "థర్డ్ పార్టీ" అని వెతికితే ఎవరికి ఇస్తారో తెలుస్తుంది. "రిటైన్" దగ్గర ఎంతకాలం ఉంచుకుంటారో ఉంటుంది, "కంట్రోలర్" దగ్గర మీ డేటాకు చట్టపరంగా బాధ్యత ఏ కంపెనీది, ఏ దేశంలో ఉంది అనేది. ఇది తర్వాత చాలా అవసరం పడుతుంది, రాసిపెట్టుకోండి. టర్మ్స్‌లో "లైసెన్స్", "ఏఐ" అనే మాటలు తప్పకుండా చూడండి. 2025లో అకడేమియా తన నిబంధనలు మార్చి, సభ్యుల పేరు, ఫొటో, గొంతు లాంటివాటిని కూడా ఏఐతో తయారుచేసే కంటెంట్‌లో వాడుకునే హక్కు తీసుకోబోతే పరిశోధకులు గట్టిగా ఎదురుతిరిగారు, ఆ తర్వాతే కంపెనీ వెనక్కి తగ్గింది. కాబట్టి "నిబంధనలు మారాయి" అనే మెయిల్ వస్తే చూడకుండా డిలీట్ చేయొద్దు, ఈ మాటలే మళ్లీ వెతకండి.

రిజిస్టర్ అయ్యేటప్పుడు గూగుల్, ఫేస్‌బుక్ బటన్ నొక్కి లోపలికి వెళ్లడం తేలికే, కానీ దానివల్ల రెండు కంపెనీల మధ్య మీ గుర్తింపు కలిసిపోతుంది. మెయిల్, పాస్‌వర్డ్ పెట్టుకోండి. కాంటాక్ట్‌లు ఇవ్వమని అడిగితే వద్దనండి, మీ మెయిల్‌లో ఉన్న వందలమంది అడ్రసులు ఇచ్చే హక్కు మీకు లేదు. పరిశోధకుడిగా ధ్రువీకరించుకోవడానికి రీసెర్చ్‌గేట్ యూనివర్సిటీ మెయిల్ అడుగుతుంది, ఇవ్వండి, కానీ సొంత మెయిల్ కూడా రెండోదిగా చేర్చండి. ఫెలోషిప్ అయిపోయాక యూనివర్సిటీ మెయిల్ ఆపేస్తారు, అప్పుడు మీ ప్రొఫైల్ మీకే తెరుచుకోదు, డిలీట్ చేయాలన్నా కుదరదు. పుట్టిన తేదీ, ఫోన్ నంబర్, ఇంటి అడ్రస్ ఎక్కడా నింపక్కర్లేదు. తర్వాత సెట్టింగ్స్‌లో ప్రైవసీ, నోటిఫికేషన్ భాగాలు రెండూ తెరిచి, మీరు ఎవరి ప్రొఫైల్ చూశారో అవతలివాళ్లకు తెలియనిచ్చేవి, ప్రకటనల కోసం డేటా వాడేవి ఏముంటే అవి ఆపేయండి. మెనూ పేర్లు మారుతూ ఉంటాయి, అందుకే ఫలానా బటన్ అని చెప్పడం లేదు. కుకీల పెట్టె వచ్చినప్పుడు కూడా "అన్నీ ఒప్పుకుంటున్నా" నొక్కకుండా, కొంచెం ఓపికపట్టి రిజెక్ట్ ఎక్కడుందో వెతకండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం, పీడీఎఫ్‌లు. ప్రొఫైల్‌లో ఫోన్ నంబర్ దాచుకున్న మనిషే థీసిస్ మొత్తం ఎక్కిస్తాడు, చివర్లో బయోడేటా పేజీలో తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఊరు, ఇంటి నంబర్, సెల్ నంబర్ అన్నీ ఉంటాయి. డిక్లరేషన్ పేజీలో హాల్ టికెట్ నంబర్, సంతకం. సర్టిఫికెట్ పేజీలో గైడ్ సంతకం స్కాన్. ఆ సంతకాలను కత్తిరించి ఇంకోచోట అతికించడం ఎంత సులువో ఆలోచించండి. ఇంకోటి, తార్నాక, విద్యానగర్ వైపు డీటీపీ సెంటర్‌లో టైపు చేయించిన ఫైల్ అయితే దాని ప్రాపర్టీస్‌లో ఆథర్ అన్నచోట ఆపరేటర్ పేరో ఆ సెంటర్ పేరో ఉండిపోతుంది. ఎక్కించే ముందు ఫైల్ ప్రాపర్టీస్ తెరిచి తుడిచేయండి.

మీ వివరాలైతే మీ ఇష్టం, కానీ మీ థీసిస్‌లో వేరేవాళ్లు కూడా ఉంటారు. పాతబస్తీలో గాజుల పని చేసే మహిళలతో మాట్లాడి రాసిన సోషియాలజీ థీసిస్ అనుకోండి, అనుబంధంలో వాళ్ల పేర్లు, వయసులు, బస్తీ పేరు, ఇంటి ముందు తీసిన ఫొటోలు ఉంటాయి. నిమ్స్‌లోనో గాంధీలోనో రోగుల వివరాలతో చేసిన పని అయితే మరీ సున్నితం. వాళ్లు మీకు చెప్పారు, బెర్లిన్ కంపెనీకి చెప్పలేదు, గూగుల్‌కు చెప్పలేదు. పేరు తీసేసినా బస్తీ, వయసు, వృత్తి, పిల్లల సంఖ్య కలిస్తే ఆ గల్లీలోవాళ్లు ఇట్టే గుర్తుపడతారు, అప్పు గురించో భర్త గురించో ఆమె చెప్పిన మాట ఆమెకే తిరిగి తగులుతుంది. ఇలాంటి అనుబంధాలు ఎక్కడా పెట్టకండి, ఎవరైనా అడిగితే విడిగా, అవసరం చూసి, ఎథిక్స్ కమిటీకి ఏం రాసిచ్చారో చూసుకుని ఇవ్వండి. ఈ జాగ్రత్త థీసిస్ సమర్పించే ముందే పడాలి, ఎందుకంటే యూజీసీ నిబంధనల ప్రకారం థీసిస్ ఎలక్ట్రానిక్ కాపీ యూజీసీకే చెందిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే కేంద్రానికి వెళ్తుంది, శోధ్‌గంగ అనే దాని థీసిస్‌ల వెబ్‌సైట్‌లో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. రీసెర్చ్‌గేట్‌లో తీసేసినా అక్కడ ఉంటుంది. పబ్లిషర్ ఫార్మాట్‌లో ఉన్న పేపర్‌ను ఎక్కించేముందు కాపీరైట్ ఫారం కూడా చూసుకోండి. 2017లో ఎల్సెవియర్, అమెరికన్ కెమికల్ సొసైటీ అనే జర్నల్ పబ్లిషర్లు ఇదే విషయం మీద రీసెర్చ్‌గేట్ మీద జర్మనీలో కేసు వేశాయి, 2023లో రాజీ పడ్డాయి.

తప్పుడు సమాచారం సంగతి కూడా చెప్పాలి. మన పేర్లతో ఇది ఎక్కువ. ఇంటిపేరు ముందో వెనకో, ఒక్క అక్షరం ఇనిషియల్, సర్టిఫికెట్లో ఒక స్పెల్లింగ్, పేపర్‌లో ఇంకోటి. శ్రీనివాసరావులు, లక్ష్మిలు, రమేష్ రెడ్డిలు ఒక్కో క్యాంపస్‌లోనే ఎంతోమంది. సైట్ పేరు చూసి "ఈ పేపర్ మీదేనా" అని అడుగుతుంది, తొందరలో అవునని నొక్కితే ఎవరిదో వ్యవసాయ శాస్త్రం పేపర్ మీ తెలుగు సాహిత్యం ప్రొఫైల్‌లో కూర్చుంటుంది, ఇంటర్వ్యూ బోర్డు చూస్తే మీకే మాట వస్తుంది. ప్రతిదీ తెరిచి చూసి ఒప్పుకోండి. దీనికి మంచి మందు ఆర్కిడ్ ఐడీ. 2012లో మొదలైన లాభాపేక్ష లేని సంస్థ ఇచ్చే 16 అంకెల గుర్తింపు అది, ఖర్చు లేదు, ప్రతి వివరానికీ అందరికీ కనబడాలా, నమ్మిన సంస్థలకేనా, నాకొక్కడికేనా అని విడివిడిగా ఎంచుకోవచ్చు. నన్నడిగితే మొదట ఆర్కిడ్ తెరిచి, తర్వాతే మిగతావి. గూగుల్ స్కాలర్ ప్రొఫైల్‌ను కూడా ప్రైవేట్‌గా ఉంచుకోవచ్చు.

ఇక హక్కులు. ఇక్కడే ఆ కంట్రోలర్ దేశం పనికొస్తుంది. కంపెనీ యూరప్‌లో ఉంటే, మీరు హబ్సిగూడలో కూర్చుని వాడినా, దానికి 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్, అంటే యూరప్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, వర్తిస్తుంది. మీరు యూరప్ పౌరులు కానక్కర్లేదు. ఇది మనలో చాలామందికి తెలియదు. 15వ ఆర్టికల్ కింద మీ డేటా కాపీ అడగొచ్చు, 16 కింద తప్పులు దిద్దమనొచ్చు, 17 కింద తుడిచేయమనొచ్చు, 21 కింద ప్రకటనల కోసం వాడొద్దని అభ్యంతరం చెప్పొచ్చు. ఒక నెలలో జవాబు ఇవ్వాలి, పని క్లిష్టమైతే కారణం చెప్పి ఇంకో రెండు నెలలు తీసుకోవచ్చు. అమెరికా కంపెనీతో ఇంత ధీమా లేదు, కాలిఫోర్నియా చట్టం కాలిఫోర్నియావాళ్లకే. మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, కంపెనీల ప్రధాన బాధ్యతలకు మాత్రం 18 నెలల గడువు ఇచ్చారు. భారత్‌లో ఉన్నవాళ్లకు సేవలు అందించే విదేశీ కంపెనీలకూ అది వర్తిస్తుంది. ఒక మెలిక ఉంది: మీరే బహిరంగంగా పెట్టిన వివరాలకు ఆ చట్టం వర్తించదు. అంటే పబ్లిక్ ప్రొఫైల్‌లో మీ చేత్తో పెట్టిన ఫోన్ నంబర్‌ను ఎవరైనా ఏరుకుంటే ఈ చట్టం మీ వెంట రాదు.

డేటా కాపీ అడగడానికి లాయర్ అక్కర్లేదు, మొదటి కాపీకి రుసుమూ లేదు. పాలసీ చివర ఉన్న ప్రైవసీ మెయిల్‌కు, రిజిస్టర్ చేసిన మెయిల్ నుంచే రాయండి. జీడీపీఆర్ 15వ ఆర్టికల్ కింద అడుగుతున్నానని, నా డేటా మొత్తం కాపీ, ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి ఇచ్చారు, ఎంతకాలం ఉంచుతారు అనేవి కావాలని నాలుగు వాక్యాలు చాలు. గుర్తింపు కార్డు అడిగితే ముందు, ఇదే మెయిల్ నుంచి రాస్తున్నాను కదా ఇంకా ఎందుకు అని అడగండి. తప్పనిసరైతే చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ పంపండి, మామూలు ఆధార్ మాత్రం పంపొద్దు.

వదిలేయాలనుకుంటే వరుస ముఖ్యం. ముందు డేటా కాపీ తీసుకోండి, తర్వాత మీరు ఎక్కించిన ఫైళ్లు ఒక్కొక్కటీ తీసేయండి, ఎవరితోనైనా నడిచిన మెసేజ్‌లు అవసరమైతే భద్రపరచుకోండి, అప్పుడు అకౌంట్ డిలీట్ నొక్కండి. ఫైళ్లు తీయకుండా నేరుగా డిలీట్ చేస్తే ఏది పోయిందో ఏది మిగిలిందో తేల్చుకోవడం కష్టం. కొన్నాళ్లాగి మీ పేరు, యూనివర్సిటీ పేరు కలిపి గూగుల్‌లో వెతకండి. కో-ఆథర్ ఎక్కించిన పేపర్ కింద మీ పేరు ఉంటుంది, ప్రచురితమైన పేపర్ కాబట్టి అది సహజమే. పాత ప్రొఫైల్ లింకు ఇంకా కనబడుతుంటే, కాలం చెల్లిన పేజీలు తీయించడానికి గూగుల్‌కే ఒక ఫారం ఉంది, అందులో ఆ లింకు పెట్టండి. మీరు తెరవకుండానే మీ పేరుతో తయారైన ఆథర్ పేజీ ఉంటే దాని లింకుతో కంపెనీ ప్రైవసీ మెయిల్‌కు రాయండి. నెల దాటినా జవాబు రాకపోతే, యూరప్ కంపెనీ అయితే, అది ఏ దేశంలో, జర్మనీ అయితే ఏ రాష్ట్రంలో ఉందో అక్కడి డేటా రక్షణ అధికారికి ఫిర్యాదు పంపండి. రీసెర్చ్‌గేట్ విషయంలో అది బెర్లిన్ డేటా రక్షణ కమిషనర్. ఫిర్యాదుకు ఫీజు ఉండదు. మీరు పంపిన మొదటి మెయిల్ తేదీ కనబడేలా కాపీ జతచేయండి, ఆ నెల గడువును లెక్కపెట్టేది అది అందిన రోజు నుంచే.