తల్లి తిమింగలం గుసగుస వినాలంటే

పెళ్లిళ్లకు మైక్ సెట్లు కట్టడం నా పని. వీధి చివరిదాకా వినిపించాలి, అంతే. అలాంటిది ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి "తిమింగలం తల్లీపిల్లా ఎలా మాట్లాడుకుంటాయో ప్రాజెక్టు చెయ్యాలి నాన్నా" అనేసరికి, నీళ్లలో ముంచే మైకు తయారుచేయాల్సి వచ్చింది. మీరూ చేసుకోవచ్చు. కాకపోతే దీన్ని ఆర్కే బీచ్‌లో ముంచి తిమింగలం కోసం చూడకండి, అలలే వినబడతాయి.

బజర్‌లో ఉండే పీజో బిళ్ల, అంటే అదురుని కరెంటుగా మార్చే పల్చటి బిళ్ల, ఒకటి కొనండి. నడుమ తెల్లపూతకి మైక్ కేబుల్ లోపలి తీగ, ఇత్తడి అంచుకి పైనున్న జల్లెడ తీగ సోల్డర్ చేయాలి. ఐరన్ ఆనించి వెంటనే తీసేయండి. నేను ఆలస్యం చేసి రెండు బిళ్లలు మాడ్చాను. తర్వాత రెండు పూతలు నెయిల్ పాలిష్, పైన అరాల్డైట్. ఒక రాత్రి ఆరనివ్వండి.

రెండో కొసని మిక్సర్‌లో గిటార్ సాకెట్‌కే పెట్టండి. మామూలు మైక్ సాకెట్‌లో పెడితే కీచుమనేవి తప్ప బరువు శబ్దాలు రావు. తిమింగలం పిల్ల గుర్రుమన్నట్టు కూడా అంటుంది మరి. మిక్సర్‌ని బ్యాటరీ మీద నడపండి. నీళ్ల పక్కన కరెంటు పెట్టొద్దు.

ఇప్పుడు అసలు ఆట. నీళ్ల తొట్టెలో మైకు ముంచి, తడి రబ్బరు బంతిని తొట్టె గోడకి మెల్లగా రుద్దండి. హెడ్‌ఫోన్‌లో కిర్రుమంటుంది. ఆస్ట్రేలియా పడమటి తీరంలో, ఎక్స్‌మౌత్ గల్ఫ్‌లో, హంప్‌బ్యాక్ తిమింగలాల వీపుకి శాస్త్రవేత్తలు రబ్బరు కప్పులతో రికార్డర్లు అతికించినప్పుడు ఇలాంటి రాపిడే దొరికింది. పాలు కావాలంటే పిల్ల అరవదట, తల్లి ఒంటికి రాసుకుంటుంది. ఈతలో మాత్రం సన్నగా కీచుమంటూ, గుర్రుమంటూ ఉంటాయి. అది వంద మీటర్లు కూడా పోదు. మగవాటి పాటైతే కిలోమీటర్ల కొద్దీ పోతుంది. గట్టిగా పిలిస్తే పిల్లని తినే ఓర్కాలు (కిల్లర్ వేల్స్) వినొచ్చు, జతకోసం తిరిగే మగవీ వచ్చిపడొచ్చు. ఈ అధ్యయనం 2017లో వచ్చింది.

తర్వాత తొట్టెలో బ్యాటరీ బొమ్మ పడవ వదలండి. రాపిడి మాయం! మా అమ్మాయి మొహం అక్కడే మారింది.

మా బావ ఫైబర్ బోటులో ఇంజిన్ ఆపించి కూడా చూశాం. దూరంగా వెళ్లే బోట్ల చప్పుడు అడుగునుంచి వస్తూనే ఉంది. ఒడ్డుకి దగ్గరైతే అలల హోరు. మొదట తిట్టుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, సదరన్ రైట్ తిమింగలం తల్లులు కొన్నిచోట్ల ఆ హోరుకి దగ్గరగానే పిల్లల్ని పెట్టుకుంటాయట, తమ మాట అందులో కలిసిపోవడానికి.

ప్రాజెక్టు రోజు స్పీకరు వద్దు, రెండు హెడ్‌ఫోన్లు తీసుకెళ్లండి, ఫ్యాన్ ఆపించండి. వెనక కూర్చున్నవాళ్లకి వినబడట్లేదని టీచరు సౌండ్ పెంచమన్నారట. మా అమ్మాయి పెంచలేదు, వాళ్లనే ముందుకి రమ్మంది.