పాత లాప్‌టాప్‌లో ఏ లినక్స్ వేసుకోవాలి? ఎంచుకోవడం ఎలా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఇంటెల్ 8వ తరానికి ముందు ప్రాసెసర్లున్న లాప్‌టాప్‌లకు చాలావరకు విండోస్ 11 రాదు. అనంతపురంలో ఇంజినీరింగ్ పిల్లల గదుల్లో, జిరాక్స్ షాపుల్లో అలాంటి సిస్టమ్‌లు ఇంకా చాలానే నడుస్తున్నాయి. విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే అవి మరికొన్నేళ్లు హాయిగా పనిచేస్తాయి. కాకపోతే లినక్స్‌లో చాలా రకాలున్నాయి, ఏది వేయాలని అడిగితే నలుగురూ నాలుగు పేర్లు చెబుతారు. ఎవరూ అబద్ధం చెప్పరు, ఎవరి పనికి ఏది కుదిరిందో అదే చెబుతారు. కాబట్టి పేరు ఒక్కటే విని వచ్చేయకుండా, అది ఎందుకు నచ్చిందో కూడా కనుక్కోండి.

ముందు మీ సిస్టమ్ సంగతి చూడండి. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో ఎబౌట్ తెరిస్తే ర్యామ్ ఎంతో కనిపిస్తుంది. 4 జీబీ ఉంటే లినక్స్ మింట్‌లో తేలికగా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం, 8 జీబీ ఉంటే కాస్త బరువైన సినమన్ రకం తీసుకోండి. లోపల ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే మాత్రం ముందు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేయించండి. దానితో వచ్చే వేగం ఏ లినక్స్ మార్చినా రాదు.

తర్వాత మీ పని. పెళ్లి కార్డులు, కరపత్రాలు అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసేవాళ్లు విండోస్‌ను తీసేయకండి. ఆ సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం చేసింది, పక్కన లినక్స్ పెట్టుకుంటే చాలు. ఫోన్లలో, నెట్‌లో వాడే యూనికోడ్ తెలుగుకైతే ఏ ఇబ్బందీ లేదు. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు కలుపుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డ్ వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్నవాళ్లు ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్‌తో పాటు దానికి భాషల పద్ధతులు కలిపే ఎం17ఎన్ వేసుకుంటే ఆర్‌టీఎస్ పద్ధతి దొరుకుతుంది.

ఎవరికి ఏది, ఎందుకు? ఉబుంటు 2004లో వచ్చింది. ల్యాబ్‌లో ఏ ఎర్రర్ వచ్చినా నెట్‌లో దొరికే జవాబుల్లో ఎక్కువ భాగం దాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే, విద్యార్థులకు అది నచ్చడానికి పెద్ద కారణం ఇదే. మింట్ ఉబుంటు మీద కట్టిందే గనుక ఆ జవాబులు చాలావరకు ఇక్కడా పనికొస్తాయి. పైగా కింద మెనూ, టాస్క్‌బార్ విండోస్ మాదిరే ఉండడంతో ఇంట్లో పెద్దవాళ్లు కూడా కంగారు పడరు. ఒకసారి వేసి ఏళ్ల తరబడి కదిలించకూడదనుకునేవాళ్లది డెబియన్. లాప్‌టాప్ కొత్తదైతే, సాఫ్ట్‌వేర్ కూడా కొత్తది కావాలంటే ఫెడోరా. సిస్టమ్‌లో ప్రతి ముక్కా తామే పేర్చుకుంటూ నేర్చుకోవాలనుకునేవాళ్లు ఆర్చ్ దగ్గరికి వెళ్తారు, అక్కడ అప్‌డేట్‌లు వస్తూనే ఉంటాయి.

కాలీ అనే లినక్స్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. హ్యాకింగ్ వీడియోలు చూసి మొదటి లినక్స్‌గా దాన్ని వేసుకునే పిల్లలు చాలామంది. అది నెట్‌వర్క్‌ల భద్రతను పరీక్షించే నిపుణుల కోసం తయారైంది. రోజువారీ వాడకానికి, కొత్తగా నేర్చుకునేవాళ్లకు తగదని దాన్ని తయారుచేసేవాళ్లే చెబుతున్నారు. అందులోని టూల్స్ చాలావరకు ఉబుంటులో విడిగా వేసుకోవచ్చు. ముందు ఫైళ్లు, పర్మిషన్లు, నెట్‌వర్క్ పట్టుబడనివ్వండి.

మీ హాస్టల్‌లోనో వీధిలోనో ఒక అన్న ఏళ్లుగా ఫెడోరా వాడుతున్నాడనుకోండి, పిలిస్తే వస్తాడనుకోండి, మీరూ అదే వేసుకోండి. రాత్రి పదింటికి సిస్టమ్ ఆన్ కాకపోతే పక్కన తెలిసిన మనిషి ఉండడానికి మించింది లేదు.

డౌన్‌లోడ్. ఉబుంటు 24.04 ఫైల్ 6 జీబీకి దగ్గరగా, మింట్ సుమారు 3 జీబీ ఉంటాయి. రోజుకు 1.5 జీబీ ప్యాక్‌తో కుదరదు, వైఫై ఉన్నచోట దించుకోండి. డెబియన్ నెట్ ఇన్‌స్టాల్ ఫైల్ 1 జీబీ లోపే గానీ, మిగతాదంతా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెట్ నుంచి లాగుతుంది. పెన్‌డ్రైవ్‌లో వెంటాయ్ అనే ప్రోగ్రామ్ వేసుకుంటే రెండు మూడు లినక్స్ ఫైళ్లు అందులోనే కాపీ చేసుకుని ఒక్కోటి చూడొచ్చు.

ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడండి. సిస్టమ్ ఆన్ చేస్తూ ఎఫ్12 గానీ ఎఫ్9 గానీ నొక్కి (కంపెనీని బట్టి మారుతుంది) పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. వైఫై పట్టుకుందా? సౌండ్ వస్తోందా? స్క్రీన్ వెలుతురు తగ్గిస్తే తగ్గుతోందా? మూత మూసి తెరిస్తే స్క్రీన్ మళ్లీ వస్తోందా? బ్రాడ్‌కామ్ చిప్ ఉన్న పాత లాప్‌టాప్‌లలో వైఫై తరచూ కనిపించదు. అప్పుడు ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఇన్‌స్టాల్ అయ్యాక మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తెరిచి సరైన డ్రైవర్ వేసుకోవచ్చు.

ఇక ఇన్‌స్టాల్. ఫొటోలు, సర్టిఫికెట్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేశాకే మొదలుపెట్టండి. విండోస్ ఉంచుకోవాలంటే దాని పక్కన వేసే ఆప్షన్ ఎంచుకోండి, డిస్క్ చెరిపే ఆప్షన్ జోలికి పోకండి. డిస్క్‌ను విడగొట్టే సమయంలో సిస్టమ్ ఆగిపోతే డేటా పోవచ్చు. పాత బ్యాటరీలు ఛార్జ్ నిలుపుకోవు, మన దగ్గర వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, అందుకని ఇన్వర్టర్ ఉన్నచోట చేయండి.

మింట్ వేసుకున్నవాళ్లు మొదటి అప్‌డేట్‌కు ముందే టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్‌లో ఒక స్నాప్‌షాట్ (సిస్టమ్ అప్పుడున్న స్థితికి కాపీ) తీసి పెట్టుకోండి. ఎప్పుడైనా సిస్టమ్ తెరుచుకోకపోతే అదే పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, టైమ్‌షిఫ్ట్ నడిపి వెనక్కి తెచ్చుకోవచ్చు. అందుకే ఇన్‌స్టాల్ అయిపోయింది కదా అని పెన్‌డ్రైవ్‌ను సినిమాలకు వాడేయకండి.