కడాయి పాఠాలు – 3: ఫ్రీజర్‌ల నుంచి తీసినయి ఎట్ల గోలియ్యాలె

పోయిన రెండు పాఠాలల్ల మిర్చీలు, గారెలు, ఆలుగడ్డ లాంటి పచ్చివి చూసినం కదా, ఈసారి గడ్డకట్టినయి. ఇప్పుడు నల్గొండల గానీ పాలమూరుల గానీ ఏ సూపర్ మార్కెట్‌కు పోయినా ఫ్రెంచ్ ఫ్రైస్, నగ్గెట్స్, సమోసల ప్యాకెట్లు దొరుకుతున్నయి, పిల్లలు అడిగితే తెస్తం, నూనెల వేస్తం, చూస్తే మెత్తగ, చెయ్యికి నూనె అంటుకుంట వస్తయి. ప్యాకెట్ మంచిది కాదనుకుంటరు చాలామంది. కానీ అక్కడ తక్కువైంది నూనె వేడి.

ఎందుకు తక్కువైతదో చూడుండ్రి. మంచు ఊకె కరగటానికే, కరిగిన ఆ నీళ్లను సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచేటంత వేడి గుంజుకుంటది. అటెన్క ఆ నీళ్లు ఆవిరి కావాలంటే ఇంకెంతో ఎక్కువ కావాలె. ఇదంతా మీ కడాయిల నూనె నుంచే పోవాలె. 180 డిగ్రీలు ఉన్న నూనెల ప్యాకెట్ మొత్తం ఒక్కసారే గుమ్మరిస్తే బుడగలు చప్పున తగ్గిపోతయి, పైన పొర గట్టిపడదు, ముక్క మెత్తగనే ఉండిపోతది. అందుకే లీటరు నూనెకు నూరు, మహా అంటే నూటయాభై గ్రాములు, అంతే. రెండో వాయి వేసే ముందు నూనెను మల్ల వేడెక్కనియ్యాలె. థర్మామీటర్ లేకపోతే కొంచెం పిండి వేసి చూడుండ్రి, అడుగుకు పోయి కూసుంటే ఇంకా కాలేదు, వెంటనే పైకి తేలితే అయినట్టు, వెయ్యంగనే నల్లగైతే మంట తగ్గియ్యాలె.

ఇగ కరిగించాలెనా వద్దా అన్నది అసలు ముచ్చట. ఫ్రెంచ్ ఫ్రైస్ ఫ్యాక్టరీలనే సగం గోలిచ్చి గడ్డకట్టిస్తరు కాబట్టి కరిగించొద్దు, నేరుగ వెయ్యాలె, కరిగితే తడిసి విరిగిపోతయి. నగ్గెట్స్ కూడా అంతే, లేకుంటే పైన పొడి ఊడొస్తది. కాకపోతే ప్యాకెట్ మీద ఏం రాసిందో ఒకసారి చదువుకోవాలె. సాగర్ నుంచో జూరాల నుంచో తెచ్చి ఫ్రీజర్‌ల పెట్టిన రవ్వు, బొచ్చె చేప ముక్కల లెక్క మాత్రం వేరే, అవి పూర్తిగ కరగాలె. రాత్రి ఫ్రిజ్‌ల కింది అరల పెడితే పొద్దుగాలకు కరుగుతయి, గట్టు మీద గంటలు గంటలు పెట్టొద్దు, పాడైతయి. నీళ్లు వంచేసి శుభ్రమైన బట్టతోని ఒత్తి ఆరబెట్టి అప్పుడు కారం, ఉప్పు, అల్లం వెల్లుల్లి పట్టియ్యాలె. గడ్డగున్న ముక్క వేస్తే పైన మాడుతది, ముల్లు కాడ పచ్చిగుంటది.

ప్యాకెట్ల అడుగున మంచు పొడి ఉంటది చూడండి, ముక్కలను జల్లెడల వేసి ఆ పొడి దులపకుండ కడాయి దగ్గరికే తేవొద్దు. నీళ్లు నూనె కంటే బరువు, కిందికి దిగి ఒక్కసారే ఆవిరై నూనెను పైకి ఎగజిమ్ముతయి. అందుకే కడాయిల నూనె సగానికి మించొద్దు. ఒకవేళ మంటే అంటుకుంటే గ్యాస్ బంద్ చేసి మూత పెట్టాలె, నీళ్లు మాత్రం అస్సలు పొయ్యొద్దు, కడాయిని లేపి బయటికి ఉరకొద్దు. పిల్లలకు కూడా ఇది చెప్పి పెట్టుండ్రి.

తీసేటప్పుడు జాలిగంటెల పట్టుకొని నూనె మీదనే రెండు మూడు సార్లు గట్టిగ విదిలియ్యాలె. ముక్క సల్లారుతుంటే లోపల ఆవిరి తగ్గిపోతది, పైన అంటుకున్న నూనెను అప్పుడే లోపలికి గుంజుకుంటది. విదిలిచ్చినంక జాలి మీద పరచుండ్రి, ఒకదాని మీద ఒకటి కుప్ప పెడితే ఆవిరికే మెత్తబడతయి. ఉప్పు అప్పుడే చల్లాలె, వేడి మీదనే పడుతది.

ఈ వారం ఇంట్ల చెయ్యాల్సింది: ఒకే ప్యాకెట్ ఫ్రైస్, ముందుగాల ఒక గుప్పెడు, తర్వాత నాలుగు గుప్పెళ్లు ఒక్కసారే వేసి చూడుండ్రి. రెండు ప్లేట్లల వేరే వేరే పెట్టి విరిచి చూడుండ్రి, బుడగల సప్పుడు ఎప్పుడు తగ్గిందో కూడా చెవి పెట్టి వినుండ్రి. వచ్చే పాఠంల మిగిలిన నూనె ఎట్ల వడగట్టాలె, ఎప్పుడు పారబొయ్యాలె.